అభ్యంతరం బాబాయి

ఆ బాబాయికి ఈ లోకంలో కంటగింపు ఒక్కటే, నలుగురు కూర్చుని ఒక మాట మీదికి రావడం. నలుగురూ "సరే" అన్నారంటే చాలు, ఆయన కుడిచెయ్యి దానంతటదే పైకి లేస్తుంది. అరచెయ్యి బార్లా విప్పి, కదిలే బస్సును ఆపేవాడిలా గాలిలో నిలబెట్టి, గొంతు సవరించుకుని, "అభ్యంతరం" అంటాడు. దేనికి అని అడిగితే అప్పుడు ఆలోచించుకుంటాడు. ఈ ఆలోచించుకోవడం చూసినప్పుడల్లా ఆయన అన్న కూతురికి ఒళ్ళు మండిపోయేది. ఆమె శాంతి సంఘానికి కార్యదర్శి, ఆయన అదే సంఘంలో శాశ్వత సభ్యుడు. ఆ 'శాశ్వత' అన్న మాట తలుచుకున్నప్పుడల్లా ఆమెకు తలనొప్పి వచ్చేది.

ఉద్యోగంలో ఉన్నన్నాళ్ళూ బాబాయి లిఫ్టుల ఇన్‌స్పెక్టరు. ఊళ్ళో ఏ మేడలో కొత్త లిఫ్టు పెట్టినా ఆయన వచ్చి, తలుపులు మూసి తెరిచి, తాళ్ళు లాగి చూసి, "ఇది ఇప్పుడే నడవడానికి వీల్లేదు" అని కాగితం అంటించి వెళ్ళిపోయేవాడు. రిటైరయ్యాక లిఫ్టులు ఆయన్ని వదిలాయి గాని, ఆయన ఆ పనిని వదల్లేదు. లిఫ్టుల బదులు మనుషుల్ని ఆపడం మొదలుపెట్టాడు. విచిత్రమేమిటంటే, జీవితమంతా లిఫ్టుల మధ్య గడిపిన మనిషి లిఫ్టు ఎక్కడు. ఎన్నో అంతస్తయినా మెట్ల మీదే వస్తాడు. సంఘం ఆఫీసేమో అన్నిటికన్నా పై అంతస్తు. వచ్చేసరికి ఆయాసం. అందుకని ఆయన అభ్యంతరాల్లో మొదటి సగం గాలి, రెండో సగం మాట.

ఆయన వెనకాలే పిన్ని, చేతిసంచీ మోకాలి మీద ఆనించుకుంటూ, మెట్టుమెట్టుకీ ఆగుతూ వచ్చేది.

"చూశావటే అమ్మాయ్, లిఫ్టు పక్కనే ఉందా? ఎక్కనివ్వడు. ఈయన్ని కట్టుకున్నందుకు నా మోకాళ్ళు అరిగిపోయాయి."

"మీరైనా లిఫ్టులో రావచ్చుగా పిన్నీ."

"ఆయన ఒక్కడూ మెట్లెక్కి గుండె పట్టుకుంటే చూసేదెవరు?"

ఒక్కోసారి బాబాయి రాకుండా పిన్ని ఒక్కతే ఏదో పని మీద వచ్చేది. అప్పుడూ ఆయాసపడుతూనే వచ్చేది. "ఈయన అలవాటు నాకూ అంటించాడు" అని సంచీతో విసురుకుంటూ కూర్చునేది. కార్యదర్శి మంచినీళ్ళిచ్చి బాబాయిని మనసులోనే తిట్టుకునేది.

ఇంట్లో మాత్రం పిన్ని ఈ జబ్బుకు ఒక మందు కనిపెట్టుకుంది. తనకు కావలసినదానికి వ్యతిరేకం చెప్పేది. "ఈ ఏడాది గోడలకి రంగులు వద్దనుకుంటున్నానండి" అనేది. "అభ్యంతరం. గోడలు ఎలా ఉన్నాయో చూశావా?" అనేవాడు ఆయన. మర్నాడు రంగులవాడు వచ్చేవాడు. కొంతకాలానికి ఈ కిటుకు బాబాయికి తెలిసిపోయింది. అప్పటినుంచి ఆవిడ వద్దన్నా అభ్యంతరమే, కావాలన్నా అభ్యంతరమే. చివరికి వంటింటికి ఒక రంగు, వరండాకి ఒక రంగు, మధ్యగదికి అసలు రంగే లేకుండా పోయింది.

కార్యదర్శి చిన్నతనం నుంచి ఆయన బాధితురాలే. ఆమె స్కూలు చదువు అయిపోయినప్పుడు ఇంట్లో పెద్దలంతా తాతయ్య గదిలో సమావేశమయ్యారు. పిల్లని ఇంకా చదివించడం ఎందుకు, తాతయ్య కళ్ళద్దాల షాపులో కూర్చోబెడదాం అన్నారు. తాతయ్య సరే అన్నాడు. నాన్న సరే అన్నాడు. అత్తయ్య సరే అంది. "నీకూ ఇష్టమేగా?" అని తాతయ్య ఈమెనడిగాడు. ఈమె నేలకేసి చూస్తూ నిలబడింది. అంతలో మూల కుర్చీలోంచి చెయ్యి లేచింది.

"అభ్యంతరం."

"దేనికిరా?"

బాబాయి గది నలువైపులా చూశాడు. "ఆ కర్టెనుకి. ఎండ వచ్చి నా కళ్ళలో కొడుతోంది."

"ఇక్కడ ఎండెక్కడిదిరా నీ మొహం?" అన్నాడు తాతయ్య. కర్టెను మూశారు. గాలి రావడం లేదన్నాడు. తెరిచారు. అసలీ కర్టెను ఎవరు కొన్నారన్నాడు. అత్తయ్య కొన్నానంది. నాన్న తాను కొన్నానన్నాడు. పిల్ల భవిష్యత్తు పక్కకు పోయి అంతా కర్టెను మీద పడ్డారు. ఆ గోలలో ఈమె, "నాకు షాపులో కూర్చోవడం ఇష్టం లేదు, చదువుకుంటాను" అనేసింది. "ఒక గుడ్డపేలిక గురించి ఇంతసేపు కొట్టుకున్నాం, పిల్ల ఏదో అంటోంది, కాస్త వినండి" అంది అత్తయ్య. విన్నారు. ఆమె చదువుకుంది. తరవాత ఎన్నోసార్లు స్నేహితులకు ఈ కథ చెప్పేది. నా బతుకు నిర్ణయమవుతున్న రోజున మా బాబాయి బాధ కర్టెను గురించి అని చెప్పి, తన ధైర్యాన్ని తనే మెచ్చుకునేది.

ఇలాంటి మనిషి శాంతి సంఘంలో ఉండటమే ఒక ప్రమాదం. దానికి తోడు ఆ సంఘానికి ఒక నియమం ఉంది. అక్కడ ఓట్లు ఉండవు. చేతులు లెక్కపెట్టడమంటే ఎక్కువమంది కలిసి తక్కువమందిని ఓడించడమని, అదీ ఒకరకం హింసేనని సంఘం పెట్టిన పెద్దల అభిప్రాయం. ఏ పని జరగాలన్నా అందరూ ఒప్పుకోవాలి. ఒక్క చెయ్యి లేచినా ఆగి, ఆ చెయ్యి ఎందుకు లేచిందో వినాలి. చాలా గొప్ప నియమం. కాకపోతే ఆ పెద్దలకు బాబాయితో పరిచయం లేదు.

దాని ఫలితం ఆఫీసులోకి అడుగుపెట్టగానే కనబడేది. గోడగడియారం నేలమీద ఉండేది. ఏ గోడకు తగిలించాలో ఇంకా ఏకాభిప్రాయం రాలేదు. తూర్పుగోడకు బీరువా అడ్డమని, పడమటిగోడకు కొడితే పక్కింటివాళ్ళకు మేకు కనబడుతుందని, తలుపు పైన పెడితే వచ్చేవాళ్ళకు కాక వెళ్ళేవాళ్ళకు టైము తెలుస్తుందని బాబాయి అభ్యంతరాలు. టైము చూడాలంటే అందరూ నడుం వంచాల్సిందే. సంఘం అధ్యక్షుడు రిటైరైన జడ్జి. ఆయనకు నడుంనొప్పి. ఆయన చాలాకాలంగా టైము చూడటమే మానేశారు.

అటువంటి సంఘానికి అంతర్జాతీయ అహింసా శాంతి మహాసభను నడిపే అవకాశం వచ్చింది. ఎన్నో దేశాల నుంచి ప్రతినిధులు వస్తారు. కొన్ని రోజులు చర్చలు జరిపి, చివర ఒక శాంతి ప్రకటనను అంతా కలిసి ఆమోదిస్తారు. ఇదివరకు సభలన్నీ ఓట్లతో జరిగేవి. ఈసారి మా పద్ధతిలో చేద్దాం, ఒక్కరు కూడా ఓడిపోని పద్ధతి ఇది అని కార్యదర్శి ఊరూరికీ ఉత్తరాలు రాసి, ఫోన్లు చేసి, అందరినీ ఒప్పించింది. ఆ ఊపులో, "ప్రకటన అందరి ఒప్పుకోలుతో రాకపోతే నేను కార్యదర్శిగా ఉండను, ఈ నియమం కూడా మనకొద్దు" అని నోరు జారింది. జారిన తరవాత బాబాయి గుర్తొచ్చాడు.

ఏర్పాట్ల మీటింగుల్లోనే ఆమె తలప్రాణం తోకకొచ్చింది. మహాసభకు గుర్తుగా పావురం బొమ్మ వేద్దామన్నారు. అందరూ సరేనన్నారు. చెయ్యి లేచింది.

"పావురానికి కూడానా బాబాయ్?"

"పావురం శాంతమైందని ఎవరు చెప్పారమ్మా? మా వంటింటి కిటికీలో రెండున్నాయి. పొద్దున లేస్తే ఒకదాన్నొకటి పొడుచుకోవడమే పని. రోజూ నేనే విడదీస్తున్నా."

"పోనీ ఆకుల కొమ్మ వేద్దాం."

"ఆ కొమ్మని ఎవరో విరిచుండాలిగా."

ఆఖరికి ఏ బొమ్మా లేని తెల్లటి గుండ్రం ఖాయమైంది. అది అచ్చంగా ప్లేటులా ఉంది. మహాసభ మొదటిరోజున విదేశీ ప్రతినిధులు చాలామంది గోడల మీద గుండ్రాలు చూసుకుంటూ భోజనాల గది కోసం వెతికారు.

తరవాత జడ్జిగారి చెక్కసుత్తి. సభను అదుపులో పెట్టడానికి బల్ల మీద కొట్టే సుత్తి అది. కోర్టులో పనిచేసిన రోజుల నుంచీ ఆయన దాన్ని ప్రాణంగా దాచుకున్నారు. "అహింస సభలో సుత్తేమిటి? ఆ బల్ల ఏం పాపం చేసింది?" అన్నాడు బాబాయి. సుత్తి పోయి చిన్న గంట వచ్చింది. జడ్జిగారు ఆ గంటను రెండు వేళ్ళతో పట్టుకుని కార్యదర్శిని పక్కకు పిలిచారు.

"అమ్మా, నేను ఎంతోమందికి శిక్షలు వేశాను. మీ బాబాయి నాకు శిక్ష వేస్తున్నారు. ఆఖరిరోజు ఆయన చెయ్యి లేచిందంటే నేను ఈ గంట అక్కడే పెట్టి ఇంటికెళ్ళిపోతాను. ఆ తరవాత మీ ఇష్టం."

ఆమె ఆ సాయంత్రమే బాబాయి ఇంటికి వెళ్ళింది. పిన్ని టీ ఇచ్చింది. బాబాయి రంగు లేని మధ్యగదిలో కూర్చుని పేపరు చదువుకుంటున్నాడు.

"బాబాయ్, నాకో మాట ఇవ్వు. సభ అయ్యేవరకు చెయ్యి ఎత్తకు."

"అభ్యంతరం."

"దేనికి?"

ఆయన ఆలోచించాడు. "స్నానం ఎలా చెయ్యను?"

"సభలో ఎత్తకు చాలు. నా పరువు, నా పదవి, ఇన్నేళ్ళ పని అంతా దానిమీదే ఉంది. దణ్ణం పెడతాను."

"అలా దణ్ణాలు పెట్టి ఒప్పించడం కూడా..."

"హింసే అంటావు. నాకు తెలుసు. నువ్వు నాకు చేస్తున్నదేంటో కూడా ఎప్పుడైనా ఆలోచించు."

ఆయన పేపరు మడిచి ఒళ్ళో పెట్టుకున్నాడు. "ఊరికే ఎత్తనులే అమ్మడూ" అన్నాడు. ఆ మాట మీద ఆమెకు ఏమాత్రం నమ్మకం కలగలేదు.

గుమ్మం దాకా సాగనంపుతూ పిన్ని గొంతు తగ్గించి చెప్పింది. "మాటలతో ఆగే మనిషి కాదే. రెండు చేతులూ ఖాళీ లేని పనేదైనా చెప్పు."

ఆ సలహా విని ఆమెకు పోయిన ప్రాణం లేచొచ్చినట్టయింది. హాల్లో ఒక భాషలో మాట్లాడింది తక్కిన భాషల్లో వినబడటానికి దుభాషీలు ఉంటారు, వినడానికి అందరికీ హెడ్‌ఫోన్లు ఇవ్వాలి. ఆ హెడ్‌ఫోన్లు పంచే పని, తిరిగి తీసుకునే పని, పాడైనవి మార్చే పని బాబాయికి అప్పగించింది. అందుకోసం కావాలనే ఒక పెద్ద ట్రే తెప్పించింది. రెండు చేతులతో తప్ప మొయ్యడానికి వీలుకాని ట్రే అది.

మొదటిరోజు హాలు గుమ్మం దగ్గర వరస మెట్ల దాకా సాగింది. బాబాయి ప్రతి హెడ్‌ఫోనూ తన చెవులకు పెట్టుకుని, ఇటు తిప్పి అటు తిప్పి, మొహం చిట్లించి, "ఎడమ చెవి నీరసంగా ఉంది, ఇది వద్దు" అని పక్కన పడేస్తున్నాడు. కొందరు ప్రతినిధుల తలలు పెద్దవని, కొందరివి చిన్నవని సైజులు సరిచేస్తున్నాడు. ఒక దేశపు మాజీ మంత్రిని చెవులు తుడుచుకుని రమ్మని సైగ చేశాడు. కార్యదర్శి గోడకు ఆనుకుని నిలబడి కళ్ళు మూసుకుంది. అయినా ఫరవాలేదనుకుంది. ఆ పూటంతా ఆయన చెయ్యి ట్రే వదల్లేదు. మోచేత్తో ఒకసారి ఏదో ప్రయత్నించాడు గాని, ఎవరూ గుర్తించలేదు.

రెండోరోజు టీ సమయంలో ఆమెకు మళ్ళీ భయం పట్టుకుంది. హాలు చివర కిటికీ దగ్గర బాబాయి ఒక ప్రతినిధితో మాట్లాడుతున్నాడు. ఆవిడది ఎక్కడో చాలాఏళ్ళు తనలో తను కొట్టుకుని ఈమధ్యనే యుద్ధం ఆగిన దేశం. అక్కడ రెండు వర్గాల పేటలూ కలిసేచోట బేకరీ నడుపుతుంది. వచ్చినప్పటినుంచి ఆవిడ ఎవరితోనూ ఒక్క మాట మాట్లాడలేదు. చివరి వరసలో, చివరి కుర్చీలో, సంచీ ఒళ్ళో పెట్టుకుని కూర్చునేది. ఇప్పుడు బాబాయి ట్రే కింద పెట్టి, రెండు చేతులూ ఊపుతూ ఆవిడకేదో చెబుతున్నాడు. ఆయన భాష ఆవిడకు రాదు, ఆవిడ భాష ఈయనకు రాదు. అయినా ఆవిడ తలాడిస్తోంది.

"ఏం చెప్పావు ఆవిడకి?" కార్యదర్శి రుసరుసలాడుతూ వచ్చింది.

"ఏముంది, హెడ్‌ఫోను సరిగా వినబడుతోందా అని అడిగా."

"దానికి ఇంతసేపా?"

"వినబడుతోందట. మరి మధ్యమధ్యలో తీసేస్తోంది. ఎందుకా అని."

"వేడిగా ఉండి తీసేస్తుంది. ఆవిడ జోలికి పోకు బాబాయ్. నీ జబ్బు విదేశాలకు కూడా అంటించకు. ట్రే తీసుకో."

ఆయన బుద్ధిగా ట్రే తీసుకున్నాడు. అంత బుద్ధిగా తీసుకోవడం కూడా ఆమెకు నచ్చలేదు.

ఆఖరిరోజు వచ్చింది. హాలు నిండుగా ఉంది. అన్ని రోజులుగా చర్చించి, అరగదీసి, మెరుగుపెట్టిన ప్రకటనను జడ్జిగారు చదువుతున్నారు. అద్దాల గదుల్లోంచి దుభాషీలు ఎవరి భాషలోకి వాళ్ళు మారుస్తున్నారు. కార్యదర్శి వేదిక పక్కన నిలబడి ప్రకటన వినడం లేదు, హాలు వెనక గోడ దగ్గరున్న ట్రేనే చూస్తోంది. ట్రే నిండా హెడ్‌ఫోన్లు, రెండు వైపులా రెండు చేతులు. కుదురుగా ఉన్నాయి.

"గతంలో జరిగినదాన్ని ఇరుపక్షాలవారూ మరచిపోయి, కొత్త జీవితం ప్రారంభించాలి" అని జడ్జిగారు చదివారు. అది అందరికీ నచ్చిన వాక్యం. చాలామంది తలలూపారు. ఆ వాక్యం దగ్గర చివరి వరసలో బేకరీ ఆవిడ హెడ్‌ఫోను తీసి ఒళ్ళో పెట్టుకుంది. వాక్యం అయ్యాక మళ్ళీ పెట్టుకుంది.

చదవడం పూర్తయింది. జడ్జిగారు కళ్ళద్దాలు తీసి హాలును కలయజూశారు.

"ఎవరికైనా అభ్యంతరమా?"

ఎవరూ కదల్లేదు. చివరి వరసలో ఒక చెయ్యి ఒళ్ళోంచి కాస్త లేచి, ముందు కూర్చున్న పెద్దపెద్దవాళ్ళ వీపులు చూసి, మళ్ళీ ఒళ్ళోకి దిగిపోయింది. వేదిక దగ్గర్నుంచి అది ఎవరికీ కనబడలేదు. జడ్జిగారి మొహంలో ఎన్నేళ్ళుగానో కనబడని వెలుగు కనబడింది. గంట మీద చెయ్యి వేశారు. కార్యదర్శి గుండెల నిండా గాలి పీల్చుకుంది.

ఢమాలని చప్పుడైంది. వెనక గోడ దగ్గర ట్రే నేలమీద పడింది. హెడ్‌ఫోన్లు కుర్చీల కిందికి దొర్లాయి. వాటి మధ్యన బాబాయి, కుడిచెయ్యి బార్లా విప్పి నిలబడి ఉన్నాడు.

"అభ్యంతరం."

కార్యదర్శి ఒక్క క్షణం ఆయన్ని చంపేద్దామా అనుకుంది. అహింసా మహాసభ వేదిక పక్కన నిలబడి అలా అనుకోవడం తప్పని తెలిసి కూడా అనుకుంది. జడ్జిగారు గంటను మెల్లగా బల్ల మీద పెట్టి తలుపుకేసి చూశారు. కాని నియమం నియమమే. ఆతిథ్యమిచ్చే సంఘంలో సభ్యుడికి కూడా చెయ్యెత్తే హక్కుంది.

"దేనికండీ?" అన్నారు నీరసంగా.

బాబాయి ఆలోచించాడు. హాలంతా కలయజూశాడు. ఆయన చూపు వేదిక ముందున్న కుండీల మీద ఆగింది.

"ఆ పూలకి. ప్లాస్టిక్ పూలు పెట్టుకుని ప్రకటనలో ప్రకృతితో శాంతి అంటే ఏం బాగుంటుంది? వాటిని తీయించండి."

దుభాషీలు ఆ మాటను ఒకరి తరవాత ఒకరు మార్చారు. ఏ భాషలో ముందు చేరితే ఆ భాషవాళ్ళు ముందు నవ్వారు. నవ్వు హాల్లో ఒక మూల మొదలై, మెల్లగా ఇంకో మూలకు పోయి, అక్కడ ఆగిందనుకునేసరికి మధ్యలో మళ్ళీ లేచింది. మాజీ మంత్రి చెవులు తుడుచుకున్నాడు. కుండీలు తీశారు. ఎక్కడ పెడతారన్నాడు బాబాయి. బయట వరండాలో అన్నారు. అక్కడ ఎవరైనా తట్టుకుని పడతారన్నాడు. మెట్ల కింద పెట్టారు. ఇంతటి సభ, ఇన్ని దేశాలు, ప్లాస్టిక్ పూల కోసం ఆగిపోయి చూస్తున్నాయి. కార్యదర్శి రాజీనామా ఉత్తరంలో మొదటి రెండు వాక్యాలు మనసులో రాసేసుకుంది.

"ఇప్పుడు తృప్తేనా?" అన్నారు జడ్జిగారు.

"నాకు తృప్తే" అన్నాడు బాబాయి. కాని కూర్చోలేదు. చెయ్యి దించి, చివరి వరసకేసి చూస్తూ నిలబడ్డాడు.

ఆ వరసలో ఒక చెయ్యి లేచింది. ఈసారి సగంలో ఆగలేదు. బేకరీ ఆవిడ లేచి నిలబడింది. ఆవిడ మాట దుభాషి గొంతులో వినబడింది.

"పూల గురించి అంతసేపు ఓపిగ్గా విన్నారు కాబట్టి అడుగుతున్నాను. నాదీ ఒక చిన్న అభ్యంతరం ఉంది. చెప్పొచ్చా?"

పూల గురించి విన్న జడ్జిగారికి వద్దనడానికి మొహం చెల్లలేదు. చెప్పమన్నారు.

"మా తమ్ముణ్ణి చంపినవాడెవరో నాకు తెలియదు. రోజూ పొద్దున నా దగ్గర బ్రెడ్ కొనేవాళ్ళలో వాడు కూడా ఉండొచ్చు. అయినా అందరికీ ఒకేలాంటి బ్రెడ్డే అమ్ముతున్నాను. మరచిపోయి కాదు. మా తమ్ముడు నాకు రోజూ గుర్తొస్తాడు. మరచిపోతేనే శాంతి అని మీరు రాస్తే, నేను మా పేటకి తిరిగి వెళ్ళి ఈ కాగితం ఎవరికీ చూపించలేను. గుర్తుపెట్టుకుని కూడా చెయ్యి చేసుకోకుండా ఉండొచ్చని రాయండి. అది మాకు చేతనవుతుంది."

హాల్లో ఎవరూ నవ్వలేదు. కాసేపటికి మధ్య వరసలో ఇంకొకాయన లేచి, మాదీ అదే బాధ, చెప్పడానికి మొహమాటపడ్డాను అన్నాడు. ఇంకొకరు లేచారు. వాక్యం కొట్టేశారు. ఆవిడ చెప్పిందే దాదాపు ఆవిడ మాటల్లోనే రాశారు. జడ్జిగారు మళ్ళీ మొదటినుంచి చదివారు. ఆ వాక్యం దగ్గర కార్యదర్శి చివరి వరసకేసి చూసింది. హెడ్‌ఫోను చెవులకే ఉంది.

"ఎవరికైనా అభ్యంతరమా?" అన్నారు జడ్జిగారు, బాబాయికేసి కళ్ళెర్రజేసి. బాబాయి నేలమీద హెడ్‌ఫోన్లు ఏరుకుంటున్నాడు. గంట మోగింది. హాలంతా లేచి నిలబడింది.

జనం వెళ్ళిపోయాక కార్యదర్శి కూడా వంగి కుర్చీల కింద హెడ్‌ఫోన్లు ఏరడం మొదలుపెట్టింది. ఆమె కోపం ఇంకా పూర్తిగా చల్లారలేదు, కాని దాన్ని ఎవరి మీద పెట్టుకోవాలో తెలియడం లేదు.

"బాబాయ్, ఆవిడ చెయ్యెత్తాలనుకుంటోందని నీకు తెలుసా?"

"పూలు నిజంగానే బాలేవమ్మా."

"ఆ వాక్యం చదివినప్పుడల్లా ఆవిడ హెడ్‌ఫోను తీసేస్తోందని నువ్వు కనిపెట్టావు."

"ఒక చెవి నీరసంగా ఉందేమో అనుకున్నా."

ఆమె చేతిలో హెడ్‌ఫోను పట్టుకుని అలాగే ఆగిపోయింది. "మరి తాతయ్య గదిలో కర్టెను?"

"ఏ కర్టెను?"

"ఎండ కళ్ళలో కొడుతోందన్నావు."

"కొట్టింది మరి."

"ఆ గది ఉత్తరం వైపుది బాబాయ్. ఆ కిటికీలోకి ఎండ రాదు."

ఆయన ఒక హెడ్‌ఫోనుకు చుట్టుకున్న తీగ విప్పుతూ కూర్చున్నాడు. అది ఎంతకీ ఊడటం లేదు. చివరికి తీగతోనే మాట్లాడుతున్నట్టు మాట్లాడాడు.

"లిఫ్టంటే భయపడేవాళ్ళు చాలామంది ఉంటారమ్మడూ. నా ఉద్యోగంలో రోజూ చూసేవాణ్ణి. తలుపు తెరుచుకోగానే మొహం పాలిపోతుంది. కాని పదిమందిలో భయమని చెప్పరు, సిగ్గు. ఎక్కి లోపల వణుకుతుంటారు. పక్కన ఎవడో ఒక తిక్కవాడు 'నేను మెట్ల మీద వస్తా' అన్నాడనుకో, 'అయితే నేనూ మీకు తోడొస్తా' అంటారు. ముందు తిక్కవాడొకడు ఉండాలి. అంతే."

అప్పుడే హాలు గుమ్మంలో పిన్ని ప్రత్యక్షమైంది. చేతిసంచీతో విసురుకుంటూ, అందిన కుర్చీలో కూలబడింది.

"ఇన్ని మెట్లేంటే అమ్మాయ్. ఈయన లిఫ్టెక్కనంటాడు, నా ప్రాణం తీస్తాడు. ఈ మొండిమనిషి లేకపోతే హాయిగా లిఫ్టులో తిరిగేదాన్ని."

కార్యదర్శి పిన్నికేసి చూసింది. ఒక్కతే వచ్చినప్పుడు కూడా ఆయాసపడుతూ వచ్చే పిన్నికేసి. తరవాత బాబాయికేసి చూసింది. ఆయన తీగ విప్పడంలో మునిగిపోయి, ఆమె చూపుకు దొరక్కుండా తల ఇంకాస్త వంచుకున్నాడు. ఆమెకు ఆయన్ని తిట్టాలో దగ్గరకు తీసుకోవాలో తెలియలేదు. మంచినీళ్ళు తెచ్చి ఇద్దరికీ ఇచ్చింది.

మహాసభ అయ్యాక సంఘం మొదటి మీటింగు పెట్టుకుంది. కార్యదర్శి పదవి పదిలంగా ఉంది, నియమమూ ఉంది, గడియారమూ నేలమీదే ఉంది. ఇకమీద మీటింగులన్నీ సాయంత్రాలే పెట్టుకుందామని ఎవరో అన్నారు. జడ్జిగారు సరేనన్నారు. అందరూ సరేనన్నారు. బల్ల చివర కొత్తగా చేరిన టైపిస్టమ్మాయి నోరు తెరిచి, మళ్ళీ మూసుకుని, ఒళ్ళో ఉన్న సంచీ పట్టీ మెలిపెట్టడం మొదలుపెట్టింది. కార్యదర్శి అది చూసింది. బాబాయికేసి తిరిగింది. ఆయన కూడా చూశాడు గాని, చేతులు కట్టుకుని కూర్చుని, ఆమెకేసే చూస్తున్నాడు.

ఆమె చెయ్యి పైకి లేచింది.

"అభ్యంతరం" అంది.

జడ్జిగారు అదిరిపడ్డారు. "అమ్మా, మీరు కూడానా? దేనికి?"

ఆమె ఆలోచించుకుంది. "గడియారానికి. అలా నేలమీద పెడితే దానికి చలేస్తుంది."

మీటింగు మొత్తం గడియారం మీద పడింది. చలేస్తుందన్నవాళ్ళకి, వెయ్యదన్నవాళ్ళకి వాదన ముదిరింది. దాని కింద ఒక పీట వెయ్యాలా, దుప్పటి పరచాలా అనే దాకా వెళ్ళింది. ఆ గోలలో బల్ల చివర నుంచి సన్నటి గొంతు వినబడింది.

"అదీ... నాది కూడా ఒకటుందండి. సాయంత్రం మీటింగంటే మా వైపు ఆఖరి బస్సు వెళ్ళిపోతుంది. ఇంటిదాకా నడిచి వెళ్ళాలి."

"ఆ ముక్క ముందే చెప్పొచ్చు కదమ్మా" అన్నారు జడ్జిగారు. మీటింగులు పొద్దుటిపూటకు మారాయి. "దీనికి ఎవరికైనా అభ్యంతరమా?" అని అడిగి, గుండె చిక్కబట్టుకుని బాబాయికేసి చూశారు. అందరూ అటే చూశారు.

బాబాయి కుడిచెయ్యి మెల్లగా పైకి లేచింది. తల గోక్కుని, మళ్ళీ దిగింది.